పళ్ళ క్లిప్పులకి చిలుము పట్టకుండా చూసుకోవడం ఎలా

మా ఇంట్లో ఒక ఇత్తడి గిన్నె ఉంది. లోపలి కళాయి పోయి చాలా ఏళ్ళయింది. మా అమ్మ దాన్ని పండగ ముందు చింతపండుతో తోమి తళతళలాడించి మళ్ళీ అటకెక్కించేస్తుంది తప్ప, అందులో పులుసు కాయనివ్వదు. చిలుము దిగుతుందంటుంది. మా అమ్మాయికి పళ్ళకి క్లిప్పులు వేయించి ఇంటికి తెచ్చిన సాయంత్రం ఆవిడ అడిగిందీ అదే. "ఏరా, రోజూ పులుసన్నం తినే నోరు. ఆ ఇనుముకి చిలుము పట్టదేంటి?"

నేను పర్లాకిమిడిలో హైస్కూలు పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. "స్టెయిన్‌లెస్ స్టీలమ్మా, పట్టదు" అని కొట్టిపారేశాను. నాలుగో వారానికి పిల్ల పెదవుల మూలలు పగిలాయి. అప్పుడు కూర్చుని చదివాను, డాక్టర్లని విసిగించాను. అమ్మ అడిగింది సరైన ప్రశ్నే. నేను చెప్పిన జవాబే అరకొర.

గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉన్న మనలాంటి తెలుగిళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మనలో చాలామందికి క్లిప్పుల డాక్టరు ఊళ్ళో ఉండరు. బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖపట్నమో వెళ్ళాలి. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి బస్సెక్కి వెళ్ళొస్తాం. మధ్యలో ఆ లోహాన్ని చూసుకోవాల్సింది మనమే. నేను డాక్టర్ని కాదు. కాబట్టి కింద "డాక్టరుకి చూపించండి" అన్నచోట నిజంగానే చూపించండి.

నోట్లో ఏ లోహం ఉందో ముందు తెలుసుకోండి

పంటికి అతికించే చిన్న బిళ్ళ బ్రాకెట్. వెనక దవడ పంటికి ఉంగరంలా తొడిగేది బ్యాండు. వాటి మీదుగా పోయేది తీగ. బ్రాకెట్లు, బ్యాండ్లు ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీలుతో చేస్తారు. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్, మిగతాది చాలావరకు ఇనుమే. మొదటి నెలల్లో వేసే సన్న తీగ, ఎంత వంచినా మళ్ళీ నిటారుగా లేచేది, నికెల్-టైటానియం. దాని బరువులో దాదాపు 55 శాతం నికెలే. 1959 ప్రాంతంలో అమెరికా నౌకాదళం ల్యాబులో బయటపడిన మిశ్రమం అది. 1970ల మొదట్లో పళ్ళ డాక్టర్ల చేతికొచ్చింది. ఇంకో రకం తీగ బీటా టైటానియం. దాన్ని టీఎంఏ అంటారు. అందులో టైటానియం, మాలిబ్డినం, జిర్కోనియం, తగరం ఉంటాయి, నికెల్ ఉండదు. ఈ పేరు గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మరి ఇంత ఇనుము, ఇంత నికెల్ నోటి తడిలో ఎలా నిలుస్తున్నాయి? ఇత్తడి గిన్నెకి కళాయి మనం పోయించాలి. స్టీలు తన కళాయి తనే పోసుకుంటుంది. గాలో, గాలి కరిగిన నీరో తగలగానే అందులోని క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పొర కడుతుంది. వెంట్రుక మందంలో పదివేలో వంతు కూడా ఉండదది. గీత పడితే అక్కడ మళ్ళీ కట్టుకుంటుంది. నికెల్-టైటానియం తీగ మీద ఇదే పని టైటానియం ఆక్సైడ్ చేస్తుంది. అందుకే సగానికి పైగా నికెల్ ఉన్నా ఆ తీగ మనం భయపడినంతగా నికెల్‌ని వదలదు.

ఈ పొర తెగే సందర్భాలు కొన్ని ఉన్నాయి. పులుపు ఎక్కువసేపు తగిలి ఉంటే పలచబడుతుంది. ఉప్పులోని క్లోరైడ్ దానికి సూదిపోటులాంటి గుంటలు పెడుతుంది. తీగ బ్రాకెట్ గాడిలో రాసుకుంటూ ఉంటే అరుగుతుంది. అన్నిటికన్నా చెడ్డది పాచి కింద ఇరుకు. అక్కడ ఆక్సిజన్ అందదు, అంటే కళాయి మళ్ళీ పడదు. పైగా సూక్ష్మజీవులు అక్కడే కూర్చుని తీపిని ఆమ్లంగా మారుస్తుంటాయి. పొర తెగినచోట లోహం కొద్దికొద్దిగా కరిగి, విద్యుదావేశం ఉన్న కణాలుగా, అంటే అయాన్లుగా లాలాజలంలో కలుస్తుంది. అమ్మ భాషలో అదే చిలుము దిగడం. ఒడియా వాళ్ళు తుప్పుని కళంకి అంటారు. మన కళంకం లాగే వినిపిస్తుంది కదా, నాకైతే ఆ మాటే బాగుంటుంది.

క్లిప్పులు వేయించకముందే చెవికమ్మల సంగతి చెప్పండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. మేం తప్పింది ఇక్కడే.

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా రథయాత్ర సంతలో గిల్టు జూకాలు కొనుక్కుంది. రెండు రోజులకి చెవి తమ్మెలు ఎర్రబడి, దురదపెట్టి, రసి కారింది. తీసేశాం, కొబ్బరినూనె రాశాం, తగ్గిపోయింది, మరిచిపోయాం. రెండేళ్ళ తర్వాత క్లిప్పులు వేసిన క్లినిక్‌లో బీపీ, షుగరు, మందుల అలర్జీ అన్నీ అడిగారు. చెవికమ్మల గురించి ఎవరూ అడగలేదు. మాకూ తోచలేదు. క్లిప్పులు పడ్డ నాలుగో వారానికి పెదవుల మూలలు పగలడం, నాలుక మండడం, చిగుళ్ళు ఉబ్బడం మొదలయ్యాయి. వేడి చేసిందని ఒకరు, విటమిను తక్కువైందని ఒకరు. నెయ్యి రాశాం, బీ-కాంప్లెక్స్ మింగించాం. చివరికి చర్మం డాక్టరు చెవి తమ్మె మీద పాత మచ్చ చూసి, "గిల్టు నగలు పడవా?" అని ఒక్క ముక్క అడిగారు.

చవక నగల్లో పూత కింద నికెల్ ఉండటం మామూలే. అది చెమటకి కరిగి చర్మంలోకి దిగితే కొందరి ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎక్కడ నికెల్ తగిలినా, వెంటనే కాకుండా ఒకటి నుంచి మూడు రోజులు ఆలస్యంగా, ఎర్రబడి దురదపెడుతుంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఇది ఎక్కువ, కారణం ఎక్కువగా చెవులు కుట్టించుకోవడమే. ఈ గొడవ ఎంత పెద్దదంటే, చర్మానికి తగిలే నగల నుంచి ఎంత నికెల్ దిగవచ్చో యూరప్ దేశాలు 1994లో చట్టమే చేసుకున్నాయి.

అందుకని మొదటి రోజే డాక్టరుకి ఇవి చెప్పండి: గిల్టు కమ్మలకి చెవులు చీము పట్టాయా, వాచీ వెనక బిళ్ళ తగిలినచోట దద్దురు వచ్చిందా, జీన్సు ప్యాంటు గుండీ ఒరుసుకునే బొడ్డు కింద నల్లగా గరుకుగా అయిందా. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా చర్మం డాక్టరు దగ్గర ప్యాచ్ టెస్టు చేయించుకోండి. నికెల్ సల్ఫేట్ కలిపిన లేపనాన్ని వీపు మీద చిన్న పట్టీలా అంటించి, 48 గంటల తర్వాత తీసి చూస్తారు. ఒకటి రెండు రోజులాగి మళ్ళీ చూస్తారు. అంటే కనీసం రెండు మూడు సార్లు వెళ్ళాలి. బస్సు దూరం ఉన్నవాళ్ళు సెలవులు చూసుకుని పెట్టుకోండి. పట్టీ ఉన్నన్నాళ్ళూ వీపు తడపకూడదు. వేసవిలో మన ఉక్కపోతకి చెమటతో ఊడిపోతుంది, చలికాలం మేలు. ఏ దద్దురూ ఎన్నడూ రానివాళ్ళకి ఈ పరీక్ష అక్కర్లేదు.

చెవికమ్మలకి ఎర్రబడ్డవాళ్ళందరికీ క్లిప్పులు పడవని కాదు. చర్మం కంటే నోటి లోపలి పొర చాలా ఓపిక గలది. లాలాజలం ఎప్పటికప్పుడు కడిగేస్తుంటుంది కూడా. అలర్జీ ఉన్నా ఏ ఇబ్బందీ లేకుండా రెండేళ్ళు గడిపేసేవాళ్ళే ఎక్కువ. ఇంకో చిత్రం, చెవులు కుట్టించుకోకముందే క్లిప్పులు వేయించుకున్న పిల్లల్లో నికెల్ అలర్జీ తక్కువగా కనిపించింది. నోటి ద్వారా ముందే అలవాటవుతుందన్నమాట. మనం ఏడాది నిండకుండానే చెవులు కుట్టేస్తాం కాబట్టి ఈ లాభం మనకి అందేది కాదు.

డాక్టరుని ఏం అడగాలి, ఏం రాయించుకోవాలి

మొదటగా, క్లిప్పులు వేసేవారు ఆర్థోడాంటిస్టేనా అని చూడండి. బీడీఎస్ తర్వాత పళ్ళ వరస సరిచేసే శాఖలో ఎండీఎస్ చేసినవారన్నమాట.

రెండోది, బ్రాకెట్లు కొత్తవేనా అని అడగండి. మొహమాటపడకండి. ఒకరికి తీసినవాటిని కాల్చి, జిగురు వదిలించి, మెరుగుపెట్టి మళ్ళీ వాడే పద్ధతి ఉంది. స్టీలుని 400 నుంచి 900 డిగ్రీల మధ్య వేడిచేస్తే అందులోని క్రోమియం కార్బన్‌తో కలిసి లోపలి రేణువుల అంచుల్లో గడ్డకడుతుంది. కళాయి కట్టాల్సిన క్రోమియం అక్కడ ఇరుక్కుపోతే ఆ అంచుల వెంబడి తుప్పు తేలిగ్గా దిగుతుంది. ప్యాకెట్ మన ముందు విప్పమని అడిగితే తప్పులేదు.

మూడోది, దవడ వెడల్పు చేసే పరికరంలాంటివి ఏవైనా వేస్తుంటే అతుకు ఎలా వేశారో అడగండి. వెండి టంకంతో అతికితే, ఆ అతుకూ పక్కనున్న స్టీలూ రెండు వేరు లోహాలు. లాలాజలంలో అవి చిన్న బ్యాటరీలా పనిచేసి, అతుకులోని రాగి, జింకు ముందు కరుగుతాయి. వెండిరంగు ఫిల్లింగ్ ఉన్నవాళ్ళు చాక్లెట్ రేకు పొరపాటున కొరికితే జివ్వుమంటుంది చూడండి, అదీ ఈ కరెంటే. లేజర్ వెల్డింగ్ అతుకు దీనికంటే మేలు.

ఇక రాయించుకోవాల్సింది. ప్రతిసారీ వేసిన తీగ ఏ లోహమో చీటీ మీద రాయమనండి. స్టీలైతే ఎస్‌ఎస్, నికెల్-టైటానియమైతే నైటై, బీటా టైటానియమైతే టీఎంఏ. అంతే, మూడు అక్షరాల పని. మధ్యలో ఏదైనా తేడా చేసి వేరే ఊళ్ళో వేరే డాక్టరుకి చూపించాల్సి వస్తే ఈ చీటీ ఉంటే పని అవుతుంది. మా దగ్గర లేక, ఒక డాక్టరు ఒడియాలో అడిగినదానికి నేను తెలుగులో ఊహించి చెప్పి, ఇద్దరం కాసేపు చేతులు తిప్పుకున్నాం.

అలర్జీ తేలితే దారులు ఉన్నాయి. సిరామిక్ బ్రాకెట్లు, టైటానియం బ్రాకెట్లు, టీఎంఏ తీగ, లేదా అలైనర్లు, అంటే పళ్ళకి తొడిగే పారదర్శకమైన ప్లాస్టిక్ అచ్చులు. ఖర్చు పెరుగుతుంది, అలైనర్లకి బాగా పెరుగుతుంది. కొన్ని సిరామిక్ బ్రాకెట్ల గాడిలో లోహపు రేకు ఉంటుంది, అది అడిగి తెలుసుకోండి.

మొదటి రెండు వారాలు

అయాన్లు ఎక్కువగా దిగేది అప్పుడే. కొత్త లోహం నోటికి సర్దుకునే రోజులవి. నికెల్ మొదటి వారంలో ఎక్కువగా దిగి తర్వాత తగ్గుతూ పోతుంది. ఆ రోజుల్లో పిల్ల "నోట్లో పైసా పెట్టుకున్నట్టుంది" అంటే టెన్షన్ పడకండి. అదే రుచి రెండో నెలలోనూ పోకపోతే అప్పుడు ఆలోచించాలి.

ఎంత దిగుతుందో లెక్క చెప్తాను, ఎందుకంటే మన దగ్గర భయమంతా లెక్క లేకపోవడం వల్లే. 1983లో అచ్చయిన ఒక ప్రయోగంలో పూర్తి నోటికి సరిపడా క్లిప్పుల్ని ఉప్పునీళ్ళలో ఉంచి కొలిస్తే రోజుకి సగటున 40 మైక్రోగ్రాముల నికెల్, 36 మైక్రోగ్రాముల క్రోమియం దిగాయి. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షలో వంతు. మనం మామూలు తిండిలోనే రోజుకి 200 నుంచి 300 మైక్రోగ్రాముల నికెల్ తింటాం. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2020లో కిలో బరువుకి రోజుకి 13 మైక్రోగ్రాముల దాకా పర్వాలేదంది. 40 కిలోల పిల్లకి అది 520. నికెల్ బాగా ఉండే తిండి ఏదంటారా? కందిపప్పులాంటి పప్పులు, చాక్లెట్, మన పక్కనే పలాసలో ఒలిచే జీడిపప్పు. క్లిప్పులు విషమని పిల్లకి వద్దని, ఆ విచారంలో జీడిపప్పు పాకం తింటూ కూర్చున్న పెద్దమనిషి నాకు బాగా తెలుసు.

విషం భయం వేరు, అలర్జీ వేరు. మొదటిదానికి మోతాదు కావాలి, అంత మోతాదు క్లిప్పుల్లో లేదు. రెండోదానికి ఒళ్ళు ఒప్పుకోకపోతే కొంచెం చాలు.

తిండి: ఏదీ మానక్కర్లేదు, కడగడం నేర్చుకోండి

పులుపుని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, 7 కంటే ఎంత తగ్గితే అంత పులుపు. లాలాజలం పీహెచ్ సుమారు 6.2 నుంచి 7.6 మధ్య ఉంటుంది. చింతపండు, నిమ్మరసం, కోలా 2, 3 దగ్గర ఉంటాయి. మన ఇళ్ళలో మధ్యాహ్నం పులుసు, రాత్రి మజ్జిగ, వేసవంతా తరవాణి. పక్కింటి ఒడియా వాళ్ళది పఖాళ. ఏటా మార్చి 20న పఖాళ దివస్ అని పండగే చేసుకుంటారు. నీళ్ళలో పులియబెట్టిన ఆ అన్నంలో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. ఇవి మాన్పిస్తే ఈ ఎండల్లో పిల్ల ఏం తిని బతకాలి? మానకండి.

పులుపు ఎంతసేపు నోట్లో ఉందన్నదే చూడాలి. పులుసన్నం తిని పది నిమిషాల్లో లేస్తారు, లాలాజలం అరగంటలో సర్దుకుంటుంది. కోలా సీసాని గంటన్నరసేపు గుటక గుటకగా తాగితే ఆ గంటన్నరా నోరు పుల్లగానే ఉంటుంది. మామిడితాండ్ర ముక్క బ్రాకెట్ల సందున అతుక్కుని సాయంత్రం దాకా ఉంటే అది ఇంకా చెడ్డ. పులుపూ, తీపీ, జిగురూ మూడూ ఉన్నాయి అందులో. కాబట్టి తిన్నవెంటనే మామూలు నీళ్ళు రెండు గుక్కలు నోట్లో పోసుకుని, బుగ్గలు ఆడించి, తీగ మీదుగా గట్టిగా పుక్కిలించి ఉమ్మించండి. స్కూల్లో కుళాయి దగ్గరైనా సరే. వెంటనే బ్రష్ పట్టకండి, పులుపుకి మెత్తబడ్డ ఎనామిల్, అంటే పంటి పైపొర, రాపిడికి పోతుంది. అరగంట ఆగండి.

ఆవకాయ ఉప్పు గురించి అడుగుతారు. నంజుకు తింటే ఏమీ కాదు, బుగ్గన పెట్టుకుని చప్పరించే అలవాటు మాన్పించండి. మామిడికాయ టెంక కొరకడం, చెరుకు నమలడం ఎలాగూ కుదరదు, బ్రాకెట్ ఊడి వస్తుంది.

గుడాఖు సంగతి విడిగా చెప్పాలి. పొగాకు, బెల్లపు మడ్డి, సున్నం, ఎర్రమట్టి కలిపిన ఆ ముద్దని మన వైపు ఆడవాళ్ళు కూడా పొద్దున్నే పళ్ళకి రుద్దుతారు. చూసి పిల్లలూ మొదలుపెడతారు. పొగాకు చేసే హాని అందరికీ తెలిసిందే. క్లిప్పులకైతే అందులోని మట్టి గరగర తీగ పైపొరని గీకేస్తుంది, మడ్డి బ్రాకెట్ సందుల్లో సూక్ష్మజీవులకి భోజనం పెడుతుంది. క్లిప్పులున్న ఇంట్లో ఆ డబ్బా కనపడకూడదు. బొగ్గుపొడి, ఉప్పు, ఇటికపొడి కూడా అదే కోవ. వేపపుల్ల మంచిదే కానీ తీగ కింద ఇరుక్కుంటే బ్రాకెట్‌ని లేపుతుంది.

తోమడం

పైన చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. పాచి పోతే చిలుము సగం పోయినట్టే.

మెత్తటి బ్రష్ తీసుకోండి. తీగ ప్రతి పంటిని పై భాగం, కింది భాగంగా విడదీస్తుంది, కాబట్టి ఒక్క పన్ను తోమడమంటే రెండుసార్లు తోమడం. ముందు బ్రష్ కుచ్చుని చిగురు వైపు నుంచి ఏటవాలుగా తీగ మీదికి ఆనించి, ఆ చోటే చిన్నగా గిర్రున ఆడించండి, కుచ్చు కొసలు బ్రాకెట్ పై అంచు కిందికి దూరేలా. పక్కపక్కకి పరపరా లాగకండి. తర్వాత బ్రష్‌ని తలకిందులు చేసి, తీగ కింది నుంచి పైకి అదే పని. తర్వాత సందుల్లో తిప్పే చిన్న బ్రష్, మందుల షాపుల్లో ఇంటర్‌డెంటల్ బ్రష్ అని అడిగితే ఇస్తారు. సీసా కడిగే బ్రష్‌కి పిల్లలా ఉంటుంది. దాన్ని రెండు బ్రాకెట్ల మధ్య తీగ కిందకి దూర్చి పైకీ కిందికీ నాలుగుసార్లు ఆడించండి. ఇరవై ఎనిమిది పళ్ళకి ఇది మొదట్లో పావుగంట పడుతుంది. విసుగు. మా అమ్మాయికి రెండో నెలకి ఆరేడు నిమిషాలకి వచ్చింది.

అయిందో లేదో తెలుసుకోవడానికి మీ వేలిగోరు చాలు. బ్రాకెట్ అంచు పక్కన పంటి మీద గోరు మెల్లగా గీస్తే తెల్లటి మెత్తటి పూత గోటికి వస్తే, అక్కడ తోమలేదన్నమాట.

ఫ్లోరైడ్ మీద ఒక గందరగోళం తిరుగుతోంది. ఫ్లోరైడ్ టైటానియం తీగల్ని తినేస్తుందని, అందుకని ఫ్లోరైడ్ లేని పేస్టే వాడాలని కొందరు చెప్తారు. అందులో సగం నిజం. ఫ్లోరైడూ పులుపూ రెండూ కలిసినప్పుడు టైటానియం పైపొర దెబ్బతింటుంది, ల్యాబులో తేలిన విషయమే. కానీ మామూలు పేస్టు పుల్లటిది కాదు, నోట్లో ఉండేది రెండు నిమిషాలే. ఫ్లోరైడ్ మానేస్తే బ్రాకెట్ చుట్టూ సుద్దలాంటి తెల్లమచ్చలు పడతాయి. అవి క్లిప్పులు తీశాక కూడా పూర్తిగా పోకపోవచ్చు. నేనైతే తీగ కంటే పన్ను ముఖ్యమంటాను, తీగ రేపు మార్చుకోవచ్చు. కాబట్టి ఫ్లోరైడ్ పేస్టే వాడండి. క్లినిక్‌లో పూసే ఒక రకం ఫ్లోరైడ్ జెల్ మాత్రం 1.23 శాతం ఫ్లోరైడ్‌తో, పీహెచ్ 3 నుంచి 3.5 దగ్గర, పుల్లగా ఉంటుంది. నోట్లో నైటై, టీఎంఏ తీగలుంటే పులుపు లేని రకం వాడమని డాక్టరుని అడగండి.

ఆదివారం పూట ఒకసారి వెలుగులో చూడండి

వారానికోసారి, పళ్ళు తోమిన తర్వాత, గుమ్మం దగ్గర పగటి వెలుగులో కూర్చోబెట్టి ఫోన్‌తో ఫొటోలు తీయండి: ఎదురు, కుడి, ఎడమ. దవడ పళ్ళ బ్యాండ్లు చూడటానికి స్టీలు చెంచా వెనకవైపు అద్దంలా పట్టుకోవచ్చు. గత వారం ఫొటో పక్కన పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

రబ్బరు రింగులు పసుపురంగు తిరిగితే అది కూరలో పసుపు, లెక్కచేయకండి. బ్రాకెట్ మీద గోధుమరంగు కనపడితే ముందు స్నానాల బకెట్ చూడండి. మన వైపు చాలా బోర్లలో ఇనుము ఎక్కువ, నీళ్ళు నిలిచినచోట ఎర్రచార పడుతుంది. అదే నీళ్ళు తాగుతుంటే, టీ కూడా తోడైతే, ఆ రంగు బయటి నుంచి వచ్చిందే కావచ్చు. డాక్టరు పాలిష్ చేస్తే పోతుంది. బ్రాకెట్ చుట్టూ పంటి మీదకి పాకే ఆకుపచ్చ-నలుపు చార మాత్రం వేరే సంగతి. అది బ్రాకెట్ అడుగునుంచి, జిగురు వదిలిన ఇరుకులో లోహం కరిగి దిగే చిలుము. అలా వదిలేస్తే ఎనామిల్‌లోకి ఇంకి, క్లిప్పులు తీశాక కూడా మచ్చగా మిగిలిపోవచ్చు. ఫొటో వాట్సాప్‌లో పంపి, వచ్చే తేదీ దాకా ఆగకుండా వెళ్ళండి.

బ్యాండు వేలితో నొక్కితే కదిలితే, తీగ గరుకుగా నాలుకకి తగిలితే, తిన్నాక బ్యాండు నుంచి చెడ్డ వాసన వస్తే, ఇవి కూడా ఫోన్ చేయాల్సినవే. వదులైన బ్యాండు లోపల ఆహారం కుళ్ళుతుంది, ఆ పక్క పన్నూ పుచ్చుతుంది, లోహమూ కరుగుతుంది.

చేయకూడనివి రెండు. మచ్చల్ని పిన్నీసుతో గీకకండి, నిమ్మకాయా సోడాపొడీ కలిపి రుద్దకండి. ఇత్తడి గిన్నెని పులుపు మెరిపించేది దాని పైపొరని కొంచెం కరిగించడం వల్లే. ఇక్కడ మనం తప్పించుకోవాలనుకుంటున్నది సరిగ్గా దాన్నే. ఇంకోటి, పొడుచుకొచ్చిన తీగని కటింగ్ ప్లయర్‌తో మీరే కత్తిరించకండి. ముక్క గొంతులోకి పోతే కష్టం. క్లినిక్ ఇచ్చిన మైనం ముద్ద చేసి దాని మీద అతికించి వెళ్ళండి.

ఒంటికి పడట్లేదని ఎప్పుడు అనుకోవాలి

బాగా తోముతున్నా చిగుళ్ళు ఎర్రగా ఉబ్బే ఉండటం, నాలుక, బుగ్గల లోపల మంట, పెదవుల మూలలు పగిలి మానకపోవడం, రుచి తగ్గడం, పెదవుల చుట్టూ దద్దురు. కొన్నిసార్లు నోట్లో ఏమీ లేకుండా చేతుల మీదో, చెవుల దగ్గరో పాత దద్దురు మళ్ళీ లేస్తుంది. పెదవుల మూలలు పగలడానికి వేరే కారణాలూ ఉన్నాయి. రక్తం తక్కువైనా, ఫంగస్ వచ్చినా పగులుతాయి. చిగుళ్ళు ఉబ్బడం పాచి వల్ల రావడమే ఎక్కువ. అందుకని రెండు వారాలు మనస్ఫూర్తిగా తోమించి చూడండి. తగ్గకపోతే తీగ చీటీ, పాత చెవికమ్మల కథ రెండూ పట్టుకుని వెళ్ళండి. ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడటం కష్టమైనా రెండు వారాలు కాదు, రెండు నిమిషాలు కూడా ఆగకండి, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి.

మా అమ్మాయికి ప్యాచ్ టెస్టు నికెల్‌కి ఎర్రబడింది. డాక్టరు బ్రాకెట్లు తీయలేదు, నైటై తీగ తీసి టీఎంఏ వేశారు. పెదవుల మూలలు మూడు వారాల్లో మానాయి. అందరికీ ఇంత తేలిగ్గా తేలదు, కొందరికి బ్రాకెట్లూ మార్చాల్సి వస్తుంది. కానీ ఒక్కో లోహాన్నే మార్చి చూడమని అడగండి, అన్నీ ఒకేసారి పీకించేసుకోకండి.

తీసిన తర్వాత

పళ్ళు వెనక్కి జరగకుండా రిటైనర్ ఇస్తారు. ముందు పళ్ళ వెనక అతికించే మెలితిప్పిన తీగ అయితే అది ఏళ్ళ తరబడి ఉంటుంది. మెలికల సందుల్లో పాచి కూర్చుంటుంది కాబట్టి అక్కడ కూడా చిన్న బ్రష్ తిప్పాల్సిందే. తీసి పెట్టుకునే ప్లేటు అయితే చల్లటి నీళ్ళు, మెత్తటి బ్రష్, రెండు చుక్కల గిన్నెల సబ్బు చాలు. వేడినీళ్ళలో వేస్తే ప్లాస్టిక్ వంకరపోతుంది. బ్లీచింగ్ కలిసిన నీళ్ళలో నానబెడితే క్లోరిన్ దాని స్టీలు తీగల్ని రాత్రికి రాత్రే గుంటలు పొడిచేస్తుంది, హాస్టల్ పిల్లలకి ముఖ్యంగా చెప్పండి. తినేటప్పుడు తీసి డబ్బాలోనే పెట్టాలి, కాగితంలో చుట్టి పక్కన పెట్టకూడదు. మాది పాతపట్నంలో పెళ్ళిభోజనాల దగ్గర విస్తరాకుతో పాటు వెళ్ళిపోయింది. కొత్తది చేయించడానికి మళ్ళీ బరంపురం బస్సెక్కాం.